గుర్రపు కళ్ళెం మెళ్ళో కట్టుకోవడమేంటి? పట్టు స్కార్ఫుల మీద ఒక ప్రింటింగ్ మనిషి జవాబు

ప్రశ్న ఇదీ: "మా మేనత్త ముప్పై ఏళ్ల కిందట ప్యారిస్‌లో కొనుక్కున్న పట్టు స్కార్ఫు ఈమధ్య నాకిచ్చింది. చదరంగా ఉంది, మీద రెండు గుర్రపు కళ్ళేలు ఎదురెదురుగా, చుట్టూ అంచు, అంతే. ఇలాంటివి పోగుచేసేవాళ్లు ఉన్నారట, పాతవి కూడా వేలల్లో పలుకుతున్నాయి. గుర్రపు కళ్ళెం మెళ్ళో కట్టుకోవడమేంటి? ఈ గుడ్డకి అంత ఖరీదెందుకు? అసలుదో నకిలీదో ఎలా చూడాలి, ఫ్రేము కట్టించొచ్చా?"

ముందు ఒక్క మాట. ఇది చదవడం పూర్తయ్యేదాకా దాన్ని ఇస్త్రీకి మాత్రం ఇవ్వకండి. ఎందుకో కింద చెప్తాను, అందులో నా ఏడుపు కూడా ఉంది.

నేను ఫ్యాషన్ మనిషిని కాను. హైదరాబాద్‌లో ఇరవై రెండేళ్లు స్క్రీన్ ప్రింటింగ్ చేశాను, మొదట శుభలేఖలు, బట్టల షాపుల సంచులు, తర్వాత పట్టు చీరల మీద. మా అమ్మాయి చదువుకోవడానికి ఫ్రాన్స్‌లోని లియోన్ వెళ్లాక నాకు ఈ స్కార్ఫుల పిచ్చి పట్టుకుంది. ఇప్పుడు నా దగ్గర పదకొండు ఉన్నాయి, అన్నీ సెకండ్‌హ్యాండే. వీటి గురించి రాసేవాళ్లు ఏ రాణి కట్టుకుంది, ఏ హీరోయిన్ కట్టుకుంది అన్న దగ్గరే ఆగిపోతారు, ఎలా అచ్చువేశారన్నది ఎవరికీ పట్టదు. నాకు మాత్రం కథంతా అక్కడే ఉంది, కాబట్టి జవాబు కూడా కాస్త అటే ఒరుగుతుంది, భరించండి.

మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అది ఎర్మెస్ కంపెనీ వాళ్ల 'బ్రీద్ ద గాలా' అయ్యుండాలి. (మనవాళ్లు హెర్మిస్, హెర్మ్స్ అని రకరకాలుగా అంటారు. ఫ్రెంచి వాళ్లు మొదటి అక్షరం మింగేసి ఎర్మెస్ అంటారు.) ఉత్సవాలకి గుర్రానికి తొడిగే అలంకారపు కళ్ళేలు అని ఆ పేరుకి అర్థం. ఊగో గ్రిగ్కార్ అనే ఆయన గీశాడు, 1957లో వచ్చింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఎన్నిసార్లు మళ్లీ అచ్చువేశారో, ఎన్ని రంగుల్లో వేశారో లెక్కలేదు, ఆ కంపెనీ చదరాల్లో (చదరపు స్కార్ఫుల్ని అలాగే అంటాను) బాగా అమ్ముడుపోయిన వాటిలో అదొకటి. అంటే మీ దగ్గరున్న డిజైను అరుదైనది కాదు. నిరుత్సాహపడకండి, ఆ రంగుల కలయిక అరుదైనది కావచ్చు, దాని సంగతి తర్వాత.

ఇక కళ్ళెం ఎందుకు అంటారా. వాళ్ల కులవృత్తి అది! 1837లో తియెరీ ఎర్మెస్ అనే ఆయన ప్యారిస్‌లో పెట్టింది గుర్రపు సామాన్ల దుకాణం. బగ్గీలకి కట్టే తోలుపట్టీలు, కళ్ళేలు కుట్టేవాళ్లు, తర్వాత జీన్లు కూడా. 1880లో ఫోబూర్ సెంటొనొరే వీధిలో 24వ నంబరుకి మారారు, ఇప్పటికీ పెద్ద షాపు అక్కడే. తర్వాత మోటారు కార్లు వచ్చి గుర్రాల పని పడిపోయింది. అలాంటి దశలో ఆ వంశంలోని ఎమిల్ ఎర్మెస్ తోలు సంచులు, ట్రంకుల వైపు వ్యాపారాన్ని మళ్లించాడు, కానీ గుర్రాల మీద మమకారం చావలేదు. పాత జీన్లు, రికాబులు, కొరడాలు, బొమ్మ బండ్లు, గుర్రపు బళ్ల చిత్రాలు ఏవి కనిపిస్తే అవి కొని షాపు పైఅంతస్తులో దాచుకున్నాడు. స్కార్ఫు డిజైనర్లకి బొమ్మల ఖజానా ఆ గదే. 1946లో గ్రిగ్కారే గీసిన 'ఎక్స్ లిబ్రిస్' అనే చదరం మీద గుర్రం కట్టిన బగ్గీ ఉంటుంది చూడండి, ఆ బొమ్మ మూలం ఎమిల్ కొనిపెట్టుకున్న చిత్రం, కంపెనీ గుర్తు కూడా అదే. కంసాలి ఇంట్లో పుట్టిన పిల్లాడు ముగ్గు వేస్తే అందులో పటకారు రాదూ, అలా అనుకోండి.

మొదటి స్కార్ఫు 1937లో వచ్చింది, కంపెనీకి నూరేళ్లు నిండిన ఏడాది. ఎమిల్ గారి అల్లుడు రొబేర్ ద్యుమా దాన్ని తయారుచేయించాడు. దాని పేరు చాంతాడంత ఉంటుంది: 'జ్య దే ఓమ్నిబ్యుస్ ఎ దామ్ బ్లాంష్'. 'తెల్ల దొరసానులు' అన్నది పాతకాలం ప్యారిస్‌లో జనాన్ని ఎక్కించుకు తిరిగిన గుర్రపు బళ్ల సర్వీసు పేరు. స్కార్ఫు నడుమ గుండ్రటి బొమ్మలో కొందరు బల్ల చుట్టూ కూర్చుని ఆట ఆడుతుంటారు, వాళ్ల చుట్టూ వలయాలుగా ఆ బళ్లు తిరుగుతుంటాయి. పాత కాగితపు ఆట ఒకటి దానికి ప్రేరణ, మన వైకుంఠపాళీ పటంలాగా పాచికలు వేసి జరుపుకునే రకం. అంటే తొలిరోజునుంచీ వాళ్లు ఆ గుడ్డని పూల డిజైనుగా చూడలేదు, తీరిగ్గా చదువుకునే పటంగా చూశారు. దాన్ని అచ్చువేసింది స్క్రీన్లతో కాదు, చెక్క అచ్చులతో. పెడనలో కలంకారీకి ఇప్పటికీ వాడతారే టేకు అచ్చులు, పద్ధతి అదే.

పెడన పేరెత్తాను కాబట్టి ఒక పక్కదారి. ఎర్మెస్ మన దగ్గర్నుంచి కాపీ కొట్టిందని నేననడం లేదు, వాట్సాప్‌లో అలా తిప్పకండి. కానీ చదరపు గుడ్డ మీద రంగులద్ది మెడకీ తలకీ కట్టుకోవడం యూరప్‌కి అలవాటు కావడంలో మన తీరానికి వాటా ఉంది. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ 1669లోనే మచిలీపట్నంలో వ్యాపారకేంద్రం పెట్టింది, బందరులో ఫ్రెంచిపేట అనే పేరు ఆ కాలందే. కోరమాండల్ అద్దకం బట్టలకి ఫ్రాన్స్‌లో ఎంత గిరాకీ వచ్చిందంటే, అక్కడి ఉన్ని నేతవాళ్లు, పట్టు నేతవాళ్లు మా పొట్ట కొడుతున్నారని మొత్తుకుంటే 1686లో ప్రభుత్వం ఆ బట్టల్ని నిషేధించింది. తేవడమే కాదు, అక్కడ వాటిని అనుకరించి అచ్చువేయడం కూడా నేరమే. 1759 దాకా, డెబ్బైమూడేళ్లు నడిచింది ఆ నిషేధం. ఆడవాళ్లు కట్టుకోవడం ఆపారా, ఆపలేదు. నిషేధం ఎత్తేశాక ఫ్రాన్స్‌లో అచ్చు కర్మాగారాలు పుట్టగొడుగుల్లా లేచాయి, 'మచిలీపట్నం రుమాళ్లు' అనే పేరుతోనే అక్కడ నకళ్లు తయారయ్యేవి. ముక్కుపొడుం పీల్చేవాళ్లకి తెల్ల రుమాలు పనికిరాదు కదా, మరక కనబడని ముదురు రంగులు కావాలి, అదీ గిరాకీకి ఒక కారణం. అన్నిటికన్నా నాకు నవ్వొచ్చేది ఏంటంటే, అప్పట్లో ఈ అద్దకాల వల్ల మునిగిపోతున్నామన్న పట్టు నేత పరిశ్రమకి పెద్ద కోట లియోన్, ఇవాళ ఎర్మెస్ చదరాలకి అద్దకం జరిగేది ఆ ఊరి పొలిమేరలోనే.

(తేలియా రుమాలు కూడా ఇదే కదా అని ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్తున్నా, కాదు. చీరాల, పుట్టపాక తేలియా రుమాలు అచ్చు కాదు, నేత. నూలుని నూనెలో, ఆముదం కాయల బూడిదలో నానబెట్టి, పడుగు, పేక రెండిటికీ ముందే ముడులు కట్టి రంగులద్ది నేస్తారు. పుట్టపాక దానికి 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. అదొక వేరే సముద్రం, ఇంకోసారి.)

రుమాలు మీద బొమ్మలతో కథ చెప్పడం కూడా ఎర్మెస్‌కి ముందే ఉంది. 1870ల తర్వాత ఫ్రాన్స్‌లో రూఆన్ అనే ఊరి అచ్చు కర్మాగారాలు సైనికుల కోసం నూలు రుమాళ్లు వేసేవి, తుపాకీ విప్పి మళ్లీ ఎలా బిగించాలో బొమ్మలతో సహా దాని మీదే ఉండేది. జేబులో యూజర్ మాన్యువల్! రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వాళ్లు పట్టు మీద మ్యాపులు అచ్చువేసి విమాన సిబ్బందికి ఇచ్చారు, శత్రుదేశంలో కూలిపోతే దారి చూసుకోవడానికి. పట్టు ఎందుకంటే మడిచి దాచుకుంటే కాగితంలా చప్పుడు చెయ్యదు, నీళ్లలో తడిసినా చిరగదు. గుడ్డ మీద సన్నటి గీత ఎంత సన్నగా నిలబడగలదో చూడాలంటే ఆ మ్యాపులు చూడాలి.

ఇప్పుడు డిజైను సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, ఎందుకంటే ఈ చదరంలో పెద్ద చిక్కు ఒకటుంది. 90 సెంటీమీటర్లకి 90, బరువు సుమారు 65 గ్రాములు. డిజైనర్ దాన్ని బల్ల మీద పరిచి గీస్తాడు, షాపులో కూడా మొత్తం పరిచి చూపిస్తారు, కొన్నావిడ మాత్రం జన్మలో ఎప్పుడూ దాన్ని పరిచి కట్టుకోదు. మూలకి మూల కలిపి మడుస్తుంది, చుడుతుంది, ముడేస్తుంది. అప్పుడు నడుమ ఉన్న అందమైన బొమ్మ కాస్తా మడతలో మాయమవుతుంది, బయటికి కనబడేది అంచు, రెండు మూలలు, మధ్యలో ఏదో ముక్క. కాబట్టి మంచి చదరం రెండు పరీక్షలు పాసవ్వాలి, గోడకి వేలాడదీస్తే పటంలా ఉండాలి, మెళ్ళో నలిగిపోతే కూడా రంగులు పొందికగా పడాలి. నేను కొత్త డిజైను దేన్ని చూసినా ముందు మూలలే చూస్తాను. మూలలు ఖాళీగా వదిలేసి నడుమ మాత్రం దేవుడి రథం గీసినవి కొన్నున్నాయి, ఫొటోలో బ్రహ్మాండం, కట్టుకుంటే వెలిసిన దస్తీ. మీ కళ్ళేలు అలా కావు, పట్టీలు, గొలుసులు, ఉంగరాలు, కుచ్చులు చదరమంతా పాకి ఉంటాయి, ఎటు మడిచినా బంగారు రంగు ముక్క ఒకటి పైకి తేలుతుంది. అది ఇన్నేళ్లు అమ్ముడుపోవడానికి ఇదే కారణమని నా నమ్మకం, గుర్రం కాదు.

రెండోది బట్ట. మన సిల్కు చీరల్లో మామూలుగా చూసే సాదా నేత కాదిది, ట్విల్. దగ్గరగా పట్టుకుని వెలుతురులో వంచి చూడండి, సన్నటి ఏటవాలు గీతలు కనబడతాయి. ట్విల్ నేత వల్ల బట్టకి ఒళ్లు వస్తుంది, రంగుని బాగా పట్టుకుంటుంది, కట్టిన ముడి జారిపోదు. ఒక్క స్కార్ఫుకి 250 నుంచి 300 పట్టుగూళ్లు పడతాయని లెక్క. ఎర్మెస్ వాళ్ల పట్టు బ్రెజిల్ నుంచి వస్తుంది, నేత, అచ్చు లియోన్ ప్రాంతంలో.

ఇక అసలు సంగతికి వస్తా. స్క్రీన్ అంటే చట్రానికి బిగించిన సన్నటి జాలీ, రంగు దాన్లోంచి బట్ట మీదకి దిగుతుంది. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక రంగుకి ఒక స్క్రీన్, అంతే సూత్రం. నేను వేసిన శుభలేఖలకి రెండు మూడు రంగులు, చీరలకి మహా అయితే ఆరు. ఈ చదరాలకి ముప్పై స్క్రీన్లు దాటడం మామూలు, నలభై దాటినవీ ఉన్నాయి. ఈ అంకె చదివి మీరు "ఓహో" అనుకుని ముందుకెళ్లిపోతారు, నేను మొదటిసారి విన్నప్పుడు కుర్చీలోంచి లేచాను. ఎందుకో చెప్తా. నా తొలిరోజుల్లో ఒక పెళ్లివాళ్లకి శుభలేఖల మీద వినాయకుణ్ణి వేశాను. మూడే రంగులు. మూడో స్క్రీన్ అర మిల్లీమీటరు పక్కకి జరిగింది, వినాయకుడి తొండం ఎరుపు గీత దాటి బయటికొచ్చేసింది, చేతిలో లడ్డూ గాల్లో తేలుతోంది. ఎనిమిది వందల కార్డులు. పెళ్లికూతురి తండ్రి నా మొహాన కొట్టలేదు కానీ కొట్టినంత పనయ్యింది. అది కాగితం, కదలదు. పట్టు అలా కాదు, గాలిలో తేమ మారితే సాగుతుంది, ముడుచుకుంటుంది, మా షెడ్డులో వానాకాలం వచ్చిందంటే చీరల పనికి భయపడేవాణ్ణి. అలాంటి బట్ట మీద ముప్పై ఎనిమిదో రంగు కూడా వెంట్రుకవాసి తేడా లేకుండా దాని ఇంట్లో అది కూర్చోవాలి. రిజిస్ట్రేషన్ (ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోబెట్టడం) టెన్షన్ అంటే ఏంటో స్క్రీన్ పట్టుకున్నవాడికి తెలుస్తుంది.

అసలు కష్టం దానికీ ముందే ఉంది. కళాకారుడు రంగులతో బొమ్మ గీసి ఇస్తాడు, అందులో వందల ఛాయలుంటాయి. దాన్ని చూసి ఏ ఛాయ ఏ స్క్రీన్‌లోకి వెళ్లాలో విడదీసేవాళ్లు వేరే ఉంటారు, వాళ్లని చెక్కేవాళ్లు అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు, చెక్క అచ్చుల కాలం నుంచి మిగిలిన మాట. ఒక్కో రంగుకి ఒక్కో ఫిల్మ్ మీద చేత్తో గీస్తారు, ఇప్పుడు కంప్యూటర్ పలక మీద గీస్తున్నారు కానీ చెయ్యి మాత్రం చెయ్యే. ఒక్కో డిజైనుకి వందల గంటలు పడుతుంది. గుర్రం బొమ్మలున్న చదరాల్లో మెడ మీద వెలుగు పడి గోధుమ రంగు క్రమంగా బంగారంలోకి మారుతున్నట్టు మీకు కనిపిస్తుంది చూడండి, అక్కడ క్రమంగా మారేదేమీ లేదు. నాలుగైదు విడి విడి రంగులు, ఒకదాని పక్కన ఒకటి, దువ్వెన పళ్లలాంటి సన్న గీతలతో కలిసిపోయి మీ కంటిని మోసం చేస్తున్నాయి. ఒక భూతద్దం తీసుకుని కళ్ళెం మీద తోలు మెరుపు ఉన్నచోట చూడండి, తెలుస్తుంది. నాకైతే స్కార్ఫు ఖరీదులో సగం ఈ విడదీసే మనిషి కంటికే ఇవ్వాలనిపిస్తుంది.

తర్వాత అచ్చు. లియోన్ పక్కనున్న పియేర్ బెనీత్‌లో వాళ్ల కర్మాగారంలో వంద మీటర్లకి పైగా పొడవున్న బల్లలుంటాయి. పట్టుని బల్లకి అంటించి, ముందు గీతల స్క్రీన్ వేస్తారు, ఆ చివరిదాకా. ఆరాక తర్వాతి రంగు. అలా ఒక్కో రంగూ ఆ చివరికి వెళ్లిరావాలి. అన్నీ అయ్యాక ఆవిరి పట్టించి రంగు స్థిరపరుస్తారు, కడిగి గమ్ము పోగొడతారు, అప్పటిగ్గానీ అసలు రంగు బయటపడదు. ఈ కర్మాగారాన్ని నేను చూడలేదు, మామూలు జనాన్ని లోపలికి రానివ్వరు. కానీ లియోన్‌లో క్రువా రూస్ గుట్ట దిగువన ఒక చిన్న వర్క్‌షాపులో చేత్తో వేయడం చూశాను. ఒకాయన ఫ్రేము దించి, స్క్వీజీ (రంగుని నెట్టే రబ్బరు పలక) ఒక్క లాగు లాగి, ఫ్రేము ఎత్తి, తల వంచి ఒక పక్కనుంచి తడి రంగుని చూశాడు. మా షెడ్డులో నేను చూసే చూపు అదే! భాష రాదు, ఏమీ రాదు, నేను బొటనవేలు పైకెత్తాను, ఆయన నా గోళ్లలో మిగిలిపోయిన రంగు చూసి నవ్వాడు. మా అమ్మాయికి ఈ సీను ఇప్పటికీ జోకే.

ఆఖరిది అంచు, మీకు ఇస్త్రీ వద్దన్నది దీని కోసమే. మనం చీరకి పీకో చేయిస్తాం, మిషన్ బర్రుమంటూ రెండు నిమిషాల్లో ముగిస్తుంది. వీళ్లు అంచుని తడి వేలితో పైవైపుకి చుట్టి, ఆ చుట్ట నలగకుండా సన్నటి దారంతో చేత్తో కుడతారు. ఒక స్కార్ఫు నాలుగు పక్కలకి అర గంటకి పైనే. పూర్తయిన అంచు గుండ్రంగా, బొద్దుగా, సన్న తాడులా ఉంటుంది. నేను కొన్న మొదటి స్కార్ఫుని, తెలివి ఎక్కువై, డ్రైక్లీనింగ్‌కి ఇచ్చాను. శుభ్రంగా ఉతికారు, పాపం వాళ్ల తప్పేం లేదు, ఆ తర్వాత వాళ్లకి తెలిసిన మర్యాద ప్రకారం నాలుగు అంచులూ పెట్టె మడతలా చదునుగా నొక్కి, కవర్లో పెట్టి ఇచ్చారు. అప్పడంలా! ఆవిరి పట్టాను, వేళ్లతో దొర్లించాను, కొంత లేచింది, పూర్తిగా రాలేదు. కాబట్టి ఇస్త్రీ తప్పనిసరైతే మీరే చెయ్యండి, మంద వేడి మీద, వెనకవైపు నుంచి, అంచుకి ఒక అంగుళం ఇవతల ఆపెయ్యండి.

గీసినవాళ్ల గురించి కొంచెం. గ్రిగ్కార్ 1943 నుంచి 1959లో పోయేదాకా వాళ్లకి గీశాడు, ఆ చదరాలకి ఒక వ్యాకరణం అంటూ ఏర్పడింది ఆయన చేతిలోనే. తర్వాత ఫిలిప్ లెదూ, కాతీ లాతామ్, అన్రీ దొరిన్యీ లాంటివాళ్లు. అనీ ఫేవ్ర్ అనే ఆవిడ తన డిజైన్లలో ఎక్కడో ఒకచోట ఒక కోతిని దాచిపెడుతుంది, పోగుచేసేవాళ్లకి అది వెతుక్కోవడం ఒక సరదా. వీళ్లందరిలో నాకు ఇష్టమైన మనిషి మాత్రం కెర్మిట్ ఆలివర్. టెక్సస్‌లో వేకో అనే ఊళ్లో పోస్టాఫీసులో రాత్రి షిఫ్టులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం చేశాడు. 1980ల నుంచి ఎర్మెస్‌కి పదిహేనుకి పైగా చదరాలు గీశాడు, అమెరికా జంతువులు, టర్కీ కోళ్లు, అక్కడి ఆదివాసుల బొమ్మలు. ప్యారిస్‌లో తను గీసింది అద్దాల్లో పెట్టి అమ్ముతుంటే ఆయన వేకోలో పిన్‌కోడ్లు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆయన చదరాలు కావాలంటే జేబు గట్టిగా ఉండాలి, నా పదకొండులో ఒక్కటీ లేదు.

ఈ రంగంలో ఎర్మెస్ ఒక్కటే ఉందనుకోకండి. ప్రాగ్ నుంచి లండన్ చేరిన జీకా ఆషెర్, ఆయన భార్య లీడా 1940లలో మతీస్, హెన్రీ మూర్ లాంటి పెద్ద కళాకారులతో చదరాలు గీయించి, తక్కువ సంఖ్యలో వేసి, గ్యాలరీలో ప్రదర్శన కూడా పెట్టారు. స్కార్ఫుని ఫ్రేము కట్టి గోడకి వేసే అలవాటుకి వాళ్లు గట్టి పునాది వేశారు. ఇటలీలో గూచీ వాళ్ల 'ఫ్లోరా' 1966లో వచ్చింది. మొనాకో యువరాణి గ్రేస్ కెల్లీ షాపుకి వస్తే ఆవిడకి బహుమతిగా ఇవ్వడానికి విత్తోరియో అకొర్నేరో అనే బొమ్మల కళాకారుడితో గీయించారు, నాలుగు రుతువుల పూలు, పురుగులు, తుమ్మెదలు కలిపి 43 రకాలు, 37 రంగులు. బాగుంటుంది, కాదనను, కానీ పువ్వుల్లో తప్పు దాచడం తేలిక, తోలుపట్టీలో కష్టం. ఆ గ్రేస్ కెల్లీయే 1950లలో చేతికి ఇబ్బంది వస్తే ఎర్మెస్ స్కార్ఫుతోనే ఆ చేతిని మెడకి వేలాడదీసుకుందని, ఇంగ్లండు రాణి ఎలిజబెత్ గుర్రాల దగ్గరికి వెళ్తే తలకి కట్టుకునేదని మీరు వేరేచోట బోలెడు చదవొచ్చు. నిజమే, వాటి వల్ల పేరొచ్చింది. అయినా 1970లలో ఇవి పెద్దమ్మల గుడ్డలు అన్న ముద్ర పడింది. 1978లో ఎర్మెస్ పగ్గాలు పట్టిన జాఁ లూయీ ద్యుమా, ఆ మరుసటేడు జీన్స్ వేసుకున్న కుర్రపిల్లల మెడలో స్కార్ఫులు కట్టి ప్రకటనలు వేయించాడు, అక్కడ మళ్లీ లేచింది కథ. ఇండియా వైపు కూడా చూశారు లెండి, 2008లో వాళ్ల ఏడాది థీమే ఇండియా, 2011లో ఇక్కడ కొద్ది సంఖ్యలో చీరలు కూడా అమ్మారు.

పోగుచేసే పిచ్చి ఎక్కడ మొదలవుతుందంటే, ఏటా రెండు విడతలు కొత్త డిజైన్లు వస్తాయి, ఒక్కో డిజైనూ పది రంగుల కలయికల్లో వస్తుంది, కొన్నాళ్లకి ఆగిపోతుంది. అదే డిజైను ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ రావచ్చు, కానీ అదే రంగుల్లో వస్తుందని నమ్మకం లేదు. మీ మేనత్త గారిది ఏ రంగు, నేల ఏ రంగు, అంచు ఏ రంగు అన్నదాన్ని బట్టే వెల. కొత్తది ఫ్రాన్స్‌లోనే 400 యూరోలు దాటింది, పాతది మరకలు లేకుండా, అంచు బొద్దుగా ఉంటే మంచి ధరే వస్తుంది. ఆ నారింజ రంగు పెట్టె ఉంటే పారేయకండి, దానికీ కథ ఉంది. అంతకుముందు వాళ్ల పెట్టెలు లేతరంగువి, యుద్ధకాలంలో అట్ట దొరక్క మిగిలిన నారింజ అట్టతో చేస్తే అదే ముద్ర అయిపోయింది. అయినా పెట్టె లేకపోతే కంగారు లేదు.

అసలుదా కాదా అన్నది ఫొటోలో కన్నా చేతిలో తేలుతుంది. అంచు చూడండి, పైవైపుకి చుట్టి ఉండాలి, కుట్లు చేతివి కాబట్టి యంత్రంలా ఒకే కొలతలో ఉండవు. చదునుగా మిషన్ కుట్టు ఉంటే అనుమానించండి (నా మొదటిదానిలాగా నొక్కేసి ఉంటే వేరే సంగతి, కుట్టు చూస్తే తెలిసిపోతుంది). వెనక్కి తిప్పండి, రంగు దాదాపు ముందువైపు ఉన్నంత చిక్కగా వెనక కూడా దిగి ఉండాలి. కంపెనీ పేరు బొమ్మలోనే ఎక్కడో ఉంటుంది, చాలా డిజైన్లలో డిజైను పేరు కూడా ఉంటుంది, ఆ అక్షరాల అంచులు భూతద్దంలో కూడా పదునుగా కనబడాలి, చెదిరితే నమ్మకండి. ఉతికే సూచనల చీటీ లేకపోతే అదేం నేరం కాదు, మెడకి గుచ్చుకుంటోందని చాలామంది కత్తిరించేస్తారు.

ఫ్రేము కట్టించొచ్చు, కానీ జిగురు, టేపు వద్దు. వెనక నూలు గుడ్డకి నాలుగు పక్కలా సన్నగా కుట్టించి, అద్దం బట్టకి తగలకుండా ఎడం వదిలి, ఎండ పడని గోడకి. పట్టు ఎండకి రంగు పోవడమే కాదు, పీచు కూడా జవ తగ్గి చిట్లుతుంది. బీరువాలో పెడితే ఒకే మడత మీద ఏళ్లతరబడి ఉంచకండి, ఆర్నెల్లకోసారి విప్పి వేరే చోట మడవండి, నాఫ్తలీన్ గోళీలు బట్టకి తగలనివ్వకండి, సెంటు కొట్టుకున్న మెడకి వెంటనే కట్టకండి. నన్నడిగితే ఫ్రేము కన్నా కట్టుకోవడమే మేలు.

ఒక మూల దగ్గరగా, అంచు వెనకవైపు ఒకటి, మొత్తం పరిచి ఒకటి, మూడు ఫొటోలు పగటి వెలుగులో తీసి పెట్టండి, ఫ్లాష్ వద్దు. చూసి రంగుల సంగతి చెప్తాను. మేనత్త గారిని ఏ ఏడాది కొన్నారో కూడా అడగండి, పాత బిల్లు దొరికితే మరీ మంచిది.